నాగా పడిన దినమునకు జీతము



మొదటి సమూయేలు గ్రంథము 30వ అధ్యాయములో ఒక ఐగుప్తీయుడు కనబడును. అతని పేరు అక్కడ వ్రాయబడలేదు. అతడు ఒక అమాలేకీయునికి దాసుడు. దండుతో కూడ పోవుచు దారిలో జబ్బుపడగా యజమానుడు అతనిని పొలములోనే వదలి వెళ్లిపోయెను. మూడు దినములు అన్నము నీళ్లు లేక పడియున్న అతనిని దావీదు మనుష్యులు చూచి, తినుటకు త్రాగుటకు ఇచ్చి లేపిరి. ఈ భాగము మీద మేము చాల సార్లు ప్రసంగించితిమి. ప్రతిసారి దావీదు సంగతియే చెప్పితిమి గాని ఆ యజమానుని గురించి ఎన్నడును ఆలోచించలేదు. గత వానకాలములో మాత్రము ఆలోచించవలసి వచ్చినది.

ఆ దినములలో మా చందూరు చుట్టుపట్ల గ్రామములలో జ్వరములు ఎక్కువగా ఉండెను. ఒక సాయంకాలము ప్రార్థన చేయుటకు ఒక ఇంటికి వెళ్లితిమి. ఆ ఇంటి చిన్న కుమారుడు నిజామాబాదులో ఒక బట్టల దుకాణములో పని చేయును. టైఫాయిడు వచ్చి తొమ్మిది దినములుగా మంచము మీద ఉన్నాడు. తల్లికి కూడ ఒళ్లు కాలుచున్నది. అయినను ఆమె గోడకు ఆనుకొని, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచున్నది. "కొంచెము సేపు పండుకోవమ్మా" అంటిమి.

"పండుకుంటె ఎట్ల అయ్యగారూ? నానబెట్టిన ఆకు ఎండిపోతది. వానికేమో సేటు రోజుకింత నాగా కోస్తుండు. ఇద్దరం పంటె ఇల్లెట్ల నడుస్తది?"

మేము ప్రార్థన చేసి బయలుదేరితిమి. దారి పొడుగునా ఆ యజమానుడే జ్ఞాపకమునకు వచ్చుచుండెను. అతడు ఆ దాసుని కొట్టినట్లు గాని తిట్టినట్లు గాని లేదు. జబ్బుపడినవాడు పనికిరాడు గనుక వదలిపెట్టెను, అంతే. మన ఊళ్లలోని నాగా కోత కూడ అటువంటిదే. దానిని ఎవరును తప్పు అనుకొనరు. పని చేయలేదు గనుక కూలి లేదు, లెక్క సరిపోయినది అందురు. పనివాడు కూడ అట్లే అనుకొనును.

అయితే లేఖనములో లెక్క వేరుగా ఉన్నది. నిర్గమకాండము 21వ అధ్యాయములో ఇద్దరు పోట్లాడుకొని ఒకడు మంచము పట్టిన సంగతి వచ్చును. కొట్టినవాడు వైద్యము చేయించిన చాలదు. ఆ మనుష్యునికి పని లేక పోయిన దినముల నష్టమును కూడ ఇచ్చుకొనవలెనని అక్కడి నియమము. అది కొట్టినవాని మీద పెట్టిన నియమమే, జ్వరమును గూర్చినది కాదు. అయినను మందు ఖర్చు ఒకటి, పోయిన కూలి మరొకటి అని విడదీసి చూపిన మాట అది. ఈ రెండింటిని మనము కలిపి చూచుచున్నాము. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వలన మన ఇండ్లలో ఎంతో మేలు జరిగినది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. ఆ పథకము ఆసుపత్రి బిల్లు కట్టును. ఇంటిలో బియ్యము, పాలు, చిట్టీ వాయిదా మాత్రము ఎవరు కట్టుదురు?

మా సంఘములో ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండు ఒక టీచరుగారు ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగి గనుక వారికి సంవత్సరమునకు 20 దినముల చొప్పున సగము జీతపు సెలవు జమ అగును. డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చి, రెండు సగము దినములను ఒక పూర్తి దినముగా మార్చుకొనవచ్చును. వారు దానిని హక్కుగా తీసికొందురు, తీసికొనవలసినదే. వారి వెనుక వరుసలో కూర్చుండు బట్టల దుకాణపు పిల్లవానికి కూడ అటువంటిది ఒకటి ఉన్నదని ఆ పిల్లవానికి తెలియదు, మాకును తెలియదు. ఆ వారము ఒక వకీలు మిత్రుని అడిగి తెలిసికొంటిమి.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో దుకాణములు, సంస్థల చట్టము చేసినది. రాష్ట్రము విడిపోయిన తరువాత కూడ అది తెలంగాణలో అమలులో ఉన్నది. దానిలో 30వ సెక్షను సెలవులను గూర్చినది. దుకాణములో పనిచేయువారికి జబ్బు గాని ప్రమాదము గాని కలిగినప్పుడు సంవత్సరమునకు 12 దినముల వరకు జీతముతో కూడిన సెలవు ఉన్నది. అది గాక ఇతర కారణములకు మరి 12 దినములు ఉన్నవి. 240 దినములు పనిచేసినవారికి 15 దినముల సెలవు వేరుగా ఉన్నది. మేము ఆ సెక్షనును రెండు మూడు సార్లు చదివితిమి. కిరాణా కొట్టు, మందుల దుకాణము, సెల్‌ఫోను దుకాణము, హోటలు, వీటిలో మన పిల్లలు ఎంతమంది లేరు!

తరువాతి సోమవారము ఆ కాగితము జిరాక్సు తీయించి, పిల్లవానిని వెంటబెట్టుకొని నిజామాబాదు బస్సు ఎక్కితిమి. సేటుగారు మర్యాద గల మనుష్యుడు. కుర్చీ వేయించి చాయ్ తెప్పించిరి. కాగితమును చదివి, అద్దములు తీసి బల్ల మీద పెట్టిరి.

"పాస్టరుగారూ, ఇన్నేండ్లల్ల ఈ కాయితం నాకెవ్వరు చూపియ్యలేదు. నేను కాదనను. కాని ఒక్కనికిస్తె మిగిలినోళ్లందరు అడుగుతరు గద?"

అందరును అడుగుటకే చట్టము చేసిరి అని నోటిదాక వచ్చినది గాని మేము అనలేదు. వారు గల్లాపెట్టె తెరచి ఐదు దినముల జీతము లెక్కపెట్టి ఇచ్చిరి. మిగిలిన నాలుగు దినములు పండుగకు చూద్దామనిరి. బయటకు వచ్చిన తరువాత పిల్లవాడు, "ఇగ చాలు అయ్యగారూ. ఎక్కువ అడిగితె రావద్దంటడు" అనెను. మేము కూడ అక్కడితో ఆపితిమి. సరిగా చేసితిమో లేదో ఇప్పటికిని చెప్పలేము. ఆ నాలుగు దినముల డబ్బు ఇంకను రాలేదు.

సేటుగారు చెడ్డవారని మేము అనుకొనుట లేదు. సంవత్సరములో 12 దినముల జీతము వారి దుకాణమును ముంచదు అని మాత్రము అనుకొనుచున్నాము. ఆ పిల్లవాని ఇంటిలో తొమ్మిది దినముల జీతము పోయినందున తల్లి చెవి కమ్మలు తాకట్టుకు పోయినవి.

ఈ పని మీద తిరిగినప్పుడు మేము నేర్చుకొనిన సంగతి ఒకటి ఉన్నది. హక్కు చట్టములో ఉన్నను దానిని పట్టుకొనుటకు కాగితము కావలెను. దుకాణపు హాజరు రిజిస్టరులో మీ పేరు ఉన్నదా చూచుకొనుడి. జీతము చేతికి గాక బ్యాంకు ఖాతాలో పడునట్లు అడుగుడి. జబ్బు చేసిన దినముననే యజమానికి కబురు పంపుడి; ఫోనులో సందేశము పంపిన అది సాక్ష్యముగా నిలుచును. ఆర్.ఎం.పి. సూది వేసిన కాగితము ఉండదు గనుక డాక్టరు దగ్గరకు వెళ్లి తేదీ వేసిన చీటీ తీసికొనుడి. మాట వినని చోట అసిస్టెంటు లేబరు ఆఫీసరుగారికి దరఖాస్తు ఇచ్చుకొనవచ్చును. దరఖాస్తు వ్రాయుట రానివారు మీ పాస్టరుగారిని గాని సంఘములో చదువుకొనిన యౌవనస్థుని గాని అడుగుడి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

ఇక కార్ఖానాలలో పనిచేయువారి సంగతి. జీతపు చీటీలో ఇ.ఎస్.ఐ. అని కొంత కోత ఉన్నదని మా దగ్గర సణుగుకొనువారు చాలమంది ఉన్నారు. నెలకు 12,000 రూపాయలు వచ్చువాని దగ్గర కోయునది 90 రూపాయలు. యజమాని తన వంతుగా 390 రూపాయలు కట్టవలెను. నెలకు 21,000 రూపాయల లోపు జీతము గలవారికి, పది మంది గాని అంతకు ఎక్కువ గాని పనిచేయు చోట ఇది వర్తించును. దీనికి బదులుగా కుటుంబమునకు వైద్యము మాత్రమే గాక, జబ్బు దినములకు సగటు రోజు జీతములో నూటికి 70 వంతులు, సంవత్సరమునకు 91 దినముల వరకు దొరకును. రోజుకు 400 పడువానికి 280 అన్నమాట. మామూలుగా మొదటి రెండు దినములకు రాదు. ఆరు నెలల గడువులో 78 దినముల చందా కట్టబడి యుండవలెను. క్షయ, క్యాన్సరు, పక్షవాతము వంటి దీర్ఘ రోగములకు వేరే నియమము ఉన్నది. రెండేండ్లుగా ఉద్యోగములో ఉన్నవారికి నూటికి 80 వంతుల చొప్పున, అవసరమును బట్టి రెండు సంవత్సరముల వరకు ఇత్తురు. 90 రూపాయల కోతకు సణుగుకొనువారు ఈ సంగతి ఇంటిలో చెప్పుకొనవలెను.

ఈ ఆలోచన జర్మనీ దేశములో 1883లో చట్టమైనది. మన దేశములో ఆచార్య బి.పి. అదార్కర్ గారిని 1943లో ఈ పనికి నియమించిరి. వారి నివేదిక మీద 1948లో చట్టము వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకము మొదలైనది. ఆ 1948 చట్టము 73వ సెక్షను మాకు ప్రత్యేకముగా కనబడినది. జబ్బు భృతి పొందుచున్న దినములలో పనివానిని తీసివేయుటకు గాని శిక్షించుటకు గాని యజమానికి అధికారము లేదని అందులో వ్రాసిరి. దారిలో వదలివేయబడిన ఆ ఐగుప్తీయునికి అటువంటి సెక్షను లేకపోయెను. 2025 నవంబరు 21 నుండి 1948 చట్టము స్థానమున సామాజిక భద్రతా స్మృతి వచ్చినది. ఇ.ఎస్.ఐ. పథకము ఆ స్మృతి క్రింద నడుచుచున్నది.

అయితే మన చెరకు ప్రాంతమునకు తగులు చేదు సంగతి ఇందులోనే ఉన్నది. సీజను కార్ఖానాలకు ఈ పథకము వర్తించదని 1948లోనే వ్రాసిరి. ఆ పట్టికలో పత్తి జిన్నింగు, వేరుశెనగ కాయలు ఒలుచుట, తేయాకు, కాఫీ, వాటితో పాటు చక్కెర, బెల్లము ఉన్నవి. కొత్త స్మృతిలో కూడ సీజను కార్ఖానాలను బయటనే ఉంచిరి. నిజాంసాగరు నీళ్లు 1931 నాటికి పొలములకు వచ్చినవి, ఆ నీళ్లతో చెరకు వచ్చినది. ఆ చెరకు కొరకు 1937లో బోధను శక్కర్‌నగరులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ స్థాపించబడినది. దాని మీద ఎన్ని కుటుంబములు బ్రదికినవో మీకు మేము చెప్పనవసరము లేదు. 2002లో అది ప్రైవేటువారి చేతిలోనికి పోయెను, 2015 డిసెంబరులో మూతపడెను. తిరిగి తెరిపింతుమను మాట అనేక సార్లు వింటిమి. తెరచిన యెడల మేము సంతోషింతుము. అయితే ఎన్ని టన్నులు ఆడించుదురు, టన్నుకు ఎంత ధర ఇత్తురు అని అడుగు పెద్దలు, సీజనులో పనిచేయువానికి జ్వరము వచ్చినయెడల ఏమి ఇత్తురు అని కూడ మొదటి దినముననే అడుగవలెను. గేటు తెరచిన తరువాత అడుగువారు ఉండరు.

కార్ఖానా లోపల ఉన్నవారి సంగతి ఇట్లుండగా, పొలములో చెరకు నరుకువారికి రిజిస్టరే లేదు. బోధను దాటిన కొంత దూరమునకే మహారాష్ట్ర వచ్చును. ఆ రాష్ట్రములో బీడ్ జిల్లానుండి భార్యాభర్తలు జంటలుగా ముందు డబ్బు తీసికొని చెరకు నరుకుటకు పోవుదురు. ఒక్కరు ఒక దినము నాగా పెట్టినను వారే ఎదురు జరిమానా కట్టవలెను. దానిని అక్కడ ఖాడా అందురు. నెలసరి నొప్పులకు పని మానలేక, ఆ జరిమానా కట్టలేక, వేలాది స్త్రీలు చిన్న వయస్సులోనే గర్భసంచి తీయించుకొనిరను సంగతి 2019లో దేశమంతట తెలిసినది. మహారాష్ట్ర ప్రభుత్వము నీలం గోర్హే గారి అధ్యక్షతన విచారణ కమిటీ వేసినది. ఈ సంగతిని కుటుంబ పత్రికలో వ్రాయవచ్చునా అని మేము కొంత సంకోచించితిమి. ఒక దినము జీతముతో కూడిన విశ్రాంతి లేనందున జరిగినది గనుక వ్రాయుచున్నాము.

బీడీల తల్లి సంగతి చెప్పుటకు ఎక్కువ లేదు, అదే బాధ. 1966లో వచ్చిన బీడీ, సిగారు పనివారి చట్టము ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీని కూడ ఉద్యోగిగా లెక్కించి, 20 దినముల పనికి ఒక దినము చొప్పున వార్షిక సెలవు జీతము నిర్ణయించినది. ఇప్పుడు ఆ చట్టము కూడ కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయినది. వేయి బీడీలకు ఇంత అని కూలి పడు పనిలో, చేయి ఆగిన దినము సున్నాయే. లెక్కలో ఆమెకు రావలసిన సెలవు జీతము ఎంతో కార్ఖానాలో అడిగి వ్రాయించుకొనుమని మాత్రము చెప్పితిమి. ఆమె నవ్వి, "అడుగుత అయ్యగారూ" అనెను. అడిగినట్లు లేదు.

ఆ ఇంటి పెద్ద కుమారుడు సౌదీలో ఒక కంపెనీలో ఉన్నాడు. తమ్ముని సంగతి వినుటకు ఫోను చేసినప్పుడు మాటల్లో తానును జ్వరముతోనే పనికి పోవుచున్నానని చెప్పెను. పరదేశములో మనకు హక్కేమున్నది అనెను. ఉన్నది. సౌదీ కార్మిక చట్టము 117వ నిబంధన ప్రకారము డాక్టరు ధృవీకరించిన జబ్బుకు సంవత్సరములో మొదటి 30 దినములు పూర్తి జీతము, తరువాతి 60 దినములు ముప్పాతిక జీతము, ఆపైన 30 దినములు జీతము లేని సెలవు ఇవ్వవలెను. దుబాయి, అబుదాబి ఉన్న యు.ఎ.ఇ. దేశములో ప్రొబేషను ముగిసిన తరువాత 90 దినములు ఉన్నవి: 15 దినములు పూర్తి జీతము, 30 దినములు సగము, మిగిలినవి జీతము లేకుండ. అక్కడ మూడు పని దినముల లోపల కంపెనీకి తెలియజేయవలెను. ఇంటి డ్రైవరు, ఇంటి పని చేయువారికి వేరే నియమములు గనుక వారు తమ ఒప్పంద పత్రమును చదివించుకొనవలెను. మన జిల్లాలో గల్ఫుకు మనిషిని పంపని ఊరు దొరకుట కష్టము. తరువాతి ఫోనులో మీ వారికి ఈ రెండు వాక్యములు చదివి వినిపించుడి.

ఇంత వ్రాసిన తరువాత మా సంగతి దాచుట న్యాయము కాదు. మేము ఇంతకు ముందు పరిచర్య చేసిన ఒక సంఘములో మందిరము ఊడ్చి, గంట కొట్టు ఒక వృద్ధ సహోదరి ఉండెను. నెలకు ఇంత అని కమిటీ ఇచ్చుచుండెను. ఒక సంవత్సరము ఆమెకు చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టుకొని పదునొకండు దినములు రాలేకపోయెను. నెలాఖరున కోశాధికారిగారు పదునొకండు దినములు తగ్గించి వోచరు వ్రాసిరి. దాని క్రింద సంతకము చేసినది మేమే. ఆ ఆదివారమే ఆమె స్వస్థత కొరకు సంఘమంతట ప్రార్థన చేయించినది కూడ మేమే. ఆమె ఆ డబ్బు తీసికొని, లెక్కపెట్టకుండ కొంగున కట్టుకొని, వందనములని వెళ్లెను. ఆమె ఇప్పుడు లేదు.

ఆ వోచరు సంగతి ఇటీవల మా సంఘ కమిటీలో చెప్పితిమి. సంఘము క్రింద పనిచేయువారికి, అనగా ఊడ్చువారికి, కాపలావానికి, జీపు నడుపువానికి, సంవత్సరమునకు 12 దినములు జబ్బు సెలవు జీతముతో ఇవ్వవలెనని ప్రతిపాదించితిమి. దుకాణములకు చట్టము పెట్టిన లెక్కకు తక్కువ ఇచ్చుట మందిరమునకు తగదని ఒక పెద్ద అనిరి. కోశాధికారిగారు సంవత్సరపు ఖర్చు లెక్క కట్టిరి. క్రిస్మసు అలంకరణకు మనము పెట్టుదానికంటె అది తక్కువ. తీర్మానము వ్రాయబడినది.

మినిట్సు పుస్తకము మూయబోవుచుండగా, ఇరువది ఎకరములు సాగుచేయు ఒక సహోదరుడు మెల్లగా అడిగిరి. "మరి మన ఇండ్లల్ల ఏడాదికి కుదుర్చుకున్న జీతగాండ్ల సంగతేంది? వాళ్లు నాగా పెట్టిన రోజులు ఉగాది తర్వాత చేయించుకుంటున్నం గద."

కమిటీలో మేము తొమ్మిది మందిమి. వారిలో ఐదుగురి ఇండ్లలో జీతగాండ్లు ఉన్నారు. ఆ ప్రశ్న వచ్చే నెల కూటమునకు వాయిదా వేయబడినది.